జెకెరియా బాబాయ్ లెక్క తప్పాడు

మా కర్గలి ఊళ్ళో జెకెరియా బాబాయ్ ఏ వస్తువునైనా ఐదువందలసార్లు వాడి చూస్తే తప్ప బాగుందని అనడు. బాగాలేదనీ అనడు. ఐదువందలు నిండేదాకా ఆయన నోటి నుంచి వచ్చేది ఒకటే మాట. "ఇంకా తెలియదు."

కొత్త టీ కెటిల్ కొన్నప్పుడు పక్కింటివాళ్ళు "ఎలా ఉంది బాబాయ్?" అని అడిగితే మూడు వేళ్ళు చూపించాడు. మూడుసార్లు వంపాడన్నమాట. మిగతా నాలుగువందల తొంభై ఏడు అయ్యేసరికి వసంతం వచ్చింది. "బాగుంది" అన్నాడు. అన్న మర్నాడే పిడి ఊడి చేతిలోకి వచ్చింది. "చూశావా, మాట ఇచ్చేదాకా ఆగింది. మర్యాదస్తురాలు" అని ఆ పిడి లేని కెటిల్ని గుడ్డతో పట్టుకుని మరో ఆరేళ్ళు వాడాడు.

వాగు మీద కొత్త వంతెన కట్టినప్పుడు జిల్లా అధికారి రిబ్బను కత్తిరించడానికి కత్తెరతో సహా వచ్చి నిలబడ్డాడు. బాబాయ్ తెల్లవారుజాము నుంచీ వంతెన మీద అటూ ఇటూ నడుస్తున్నాడు. రిబ్బను కింద నుంచి దూరి రావడం, దూరి పోవడం.

"ఎవరండీ ఆయన?"

"మా జెకెరియా అండీ. మూడువందల నలభై దగ్గర ఉన్నాడు."

అధికారి ఏమనుకున్నాడో గాని కుర్చీ వేయించుకుని, రెండు పొట్లాల పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకు తిని, మధ్యాహ్నం మూడింటికి రిబ్బను కత్తిరించాడు. బాబాయ్ ఆయన చెయ్యి పట్టుకుని "బాగుంది, ఇక మీరు నడవచ్చు" అన్నాడు.

అంత పట్టుదల మనిషికి ఒక్కటే లోపం. అప్పుడప్పుడు లెక్క తప్పుతాడు.

అల్లుడు ఇల్హామి సంగతే చూడండి. పిల్లను అడగడానికి వచ్చిన రోజున బాబాయ్ ఎదురుగా కూర్చోబెట్టి "నాతో ఐదువందల గ్లాసుల టీ తాగు, అప్పుడు చెబుతాను" అన్నాడు. పాపం ఆ కుర్రవాడు ఎనిమిది నెలలు నిట్టనిలువు కొండ ఎక్కి వచ్చి టీ తాగాడు. కళ్ళు గుడ్లగూబలా అయ్యాయి. మూడువందల పదకొండో గ్లాసు నాడు బాబాయ్ నుదురు కొట్టుకుని "అయ్యో, లెక్క తప్పానురా. మళ్ళీ ఒకటి" అన్నాడు. మరుసటి ఏడాది కావలసిన పెళ్ళి ఆపై ఏడు జరిగింది. మంగలి బెద్రి కొత్తగా కొట్టు పెట్టినప్పుడూ అంతే. రోజూ గడ్డం గీయించుకుంటూ తొంభై ఏడు దాకా వచ్చి, లెక్క తప్పి, మళ్ళీ ఒకటి. బాబాయ్ ఎడమ చెవి అంచు కాస్త ఉండదు. అది బాతు కరిచిందట.

అసలు గొప్ప సంగతి హమియెత్ పిన్నిది. పెళ్ళైన మర్నాడు ఆవిడ పెరుగు, గోధుమపిండి కలిపి ఎండబెట్టిన తర్హానాతో సూపు చేసి, పళ్ళెం ముందు పెట్టి, సిగ్గుపడుతూ "ఎలా ఉంది?" అని అడిగింది.

"ఒకటి" అన్నాడు బాబాయ్.

నలభై ఒక్క ఏళ్ళయింది. ఇప్పటిదాకా ఆ సూపు బాగుందో లేదో ఊళ్ళో ఎవరికీ తెలియదు. పిన్ని అడగడం మానేసి పాతికేళ్ళయింది. అడగడం మానేసింది గాని గరిటె పట్టుకున్నప్పుడల్లా ఆయన వైపు ఒక చూపు చూస్తుంది. ఆ చూపుకి నేనైతే ఊరు వదిలి పోయేవాణ్ణి.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి. కాని మాది తుపాకులు చేసే ఊరు. కింది అంతస్తులో లేత్ మిషను, పై అంతస్తులో కాపురం. మిషను ఆడుతుంటే పిల్లలు హాయిగా పడుకుంటారు, ఆగితే లేచి ఏడుస్తారు. నేను అక్రోటు కర్రతో తుపాకీ మడమలు చెక్కుతాను. నా కొట్టు బాబాయ్ ఇంటి పక్కనే. చెక్కే పని చేతులది, చెవులు ఖాళీగా ఉంటాయి, కాబట్టి ఆ ఇంట్లో నలభై ఏళ్ళుగా ఏం జరిగిందో గోడకంటే నాకే ఎక్కువ తెలుసు. అలా అనుకునేవాణ్ణి.

మా ఊరి తుపాకీ ఏదైనా బాబాయ్ చేతిలో ఐదువందలు దాటితే ఇక దాన్ని ఎవరూ తిప్పి చూడరు, కొనేస్తారు. ఆ ఐదువందల్లో సగం వేటకి వాడే బరువు తూటాలు. మిగతా సగం పలచన మందు తూటాలు, గాలిలోకి ఎగరేసిన మట్టి పిట్టల్ని కొట్టే పోటీలవి. బరువుది ఒకటి, పలచనది ఒకటి, వరస తప్పకుండా. ఆ మధ్యలో గుండ్లు ఎలా పరుచుకుంటున్నాయో చూడడానికి ముప్పై అయిదు మీటర్ల దూరంలో దుప్పటి కట్టి కాలుస్తాడు. ఎవరి దుప్పటి? పిన్నిది. ఆవిడ దాన్ని ఉతికి తీగ మీద ఆరేస్తుంది. సంతకు పోయేవాళ్ళు అక్కడ ఆగి గోడ మీద నోటీసు చదివినట్టు చదువుతారు.

"ఎడమ పక్క పైన పలచగా ఉందే."

"మధ్యలో చూడు, రొట్టె మీద నువ్వుల్లా పడ్డాయి."

వేసవిలో వచ్చిన చుట్టాలు ఆ దుప్పట్ల మీదే పడుకుని, గాలి బాగా ఆడుతోందని మెచ్చుకుని పోతారు.

ఇలా ఉండగా నుర్‌జిహాన్ ఒక తుపాకీ చేసింది. వాళ్ళ నాన్న పోయాక మూడు లేత్ మిషన్లు, ఇద్దరు పనివాళ్ళు, ఒక దగ్గు వచ్చే మోటారు ఆ పిల్లకి మిగిలాయి. పిల్ల అంటున్నాను గాని ముప్పై నాలుగేళ్ళు. రెండేళ్ళు కష్టపడి సెమీ ఆటోమేటిక్ ఒకటి తయారుచేసింది. మీట నొక్కితే ఒక తూటా పేలుతుంది, ఖాళీ డొల్లని తుపాకీయే బయటికి విసిరేస్తుంది, తర్వాతి తూటాని తనే లోపలికి తెచ్చుకుంటుంది. అలాంటివి పట్నం కంపెనీలు చాలా చేస్తాయి. ఈమెది వాటిలో సగం ధర. గొర్రెలు కాసుకునేవాడు కూడా కొనుక్కోవాలని, పొద్దున కౌజు పిట్టలకి వెళ్ళినవాడు సాయంత్రం అదే తుపాకీతో మట్టి పిట్టలు కొట్టాలని ఆమె ఆలోచన. పేరు 'పూరేడు' అని పెట్టింది.

మా వేటగాళ్ళ క్లబ్బు ఆ ఏడు సభ్యులందరికీ ఒకే రకం చవక తుపాకులు నలభై తెప్పించాలనుకుంది. మా క్లబ్బు దేన్ని కొంటే చుట్టుపక్కల పన్నెండు క్లబ్బులూ దాన్నే కొంటాయి. అధ్యక్షుడు తాజెత్తిన్ మీసం దువ్వుకుని తేల్చేశాడు.

"వేట కాలం తెరిచే ఆదివారం నాటికి పూరేడుకి జెకెరియా మాట వస్తే సరే. రాకపోతే సోమవారం పొద్దున్నే పట్నం కంపెనీకి ఫోను చేస్తాను."

ఆ కంపెనీవాళ్ళు అప్పటికే నుర్‌జిహాన్‌కి కబురు పెట్టారు, ఆర్డరు రాకపోతే మిషన్లు అమ్మేసి తమ దగ్గర కూలికి చేరమని. ఇది ఒక బాధ. ఇంకో బాధ ఉంది. మా ఊళ్ళో తుపాకీ చేసేవాణ్ణి 'ఉస్తా', అంటే పనిలో గురువు, అనాలంటే పెద్దవాడెవరైనా పదిమందిలో ఆ పేరు పెట్టి పిలవాలి. పిలిపించుకున్నవాడు అందరికీ టీ పోయించాలి. అంతవరకు ఎన్ని తుపాకులు చేసినా వాడు వట్టి పేరుతోనే ఉంటాడు. నుర్‌జిహాన్‌ని ఎవరూ పిలవలేదు. "ఆడపిల్లని ఎలా పిలుస్తారు?" అని కాఫీ కొట్లో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. నేనూ చూసుకున్నాను.

జూన్ నెలలో బాబాయ్ పూరేడుని భుజాన వేసుకుని, చిల్లుల టోపీ పెట్టుకుని, కుక్కని వెంటబెట్టుకుని బయల్దేరాడు. టోపీ చిల్లులు చిమట కొట్టినవి. కుక్క పేరు ఇన్‌స్పెక్టర్. దానికి లెక్క వచ్చు. పెట్టెకి ఇరవై అయిదు తూటాలు. ఇరవై అయిదోది పేలగానే కుక్క పడుకుంటుంది, కొత్త పెట్టె విప్పితే లేస్తుంది.

మొదటి రోజు సాయంత్రం నుర్‌జిహాన్ గుమ్మంలో కాసుకుని ఉంది.

"ఎలా ఉంది బాబాయ్?"

"ఇరవై ఆరు."

"అది కాదు, ఎలా ఉంది?"

"ఇరవై ఆరో దాని దగ్గర ఉందమ్మాయ్. తుపాకీ బరువెక్కువో తక్కువో, మీట మెత్తనో గట్టో, భుజానికి తగులుతుందో ఆనుతుందో, అన్నీ ఇంకా తెలియదు. సూపు తాగి వస్తాను."

రెండువందలు దాటాక సరస్సు ఒడ్డు రెల్లులో బురదలో దింపి చూద్దామని నన్ను కూడా రమ్మన్నాడు, లెక్కకి సాక్షిగా. బురద పూశాడు, తుడిచాడు, కాల్చాడు. సరిగ్గా రెండువందల పదమూడు అయ్యాక రెల్లులోంచి అడవిపంది వచ్చింది. చిన్నది కాదు, బస్సుకి ముందు భాగంలా ఉంది.

"బాబాయ్! బరువు తూటా పెట్టు!"

"వరసలో ఇప్పుడు పలచన తూటా సెఫెర్."

"వరస పాడుగాను! అది వస్తోంది!"

"నువ్వు నాకు సాక్షివా, పందికా? వరస తప్పితే లెక్క ఎందుకు?"

నేను అడవి బేరిచెట్టు ఎక్కేశాను. ఇన్‌స్పెక్టర్ నాకంటే ముందే అక్కడ ఉంది, ఎలా ఎక్కిందో ఈనాటికీ అర్థం కాదు. బాబాయ్ నెమ్మదిగా కొమ్మ ఎక్కి కూర్చుని, పలచన తూటాని ఆకాశంలోకి పేల్చి "రెండువందల పద్నాలుగు" అన్నాడు. ఆ చప్పుడుకో, ఆ మనిషి నిదానానికో గాని పంది వెనక్కి తిరిగి పోయింది.

ఇది రెండో విడత లెక్కలో జరిగిన ముచ్చట. మొదటి విడత నూట నలభై ఒకటి దగ్గరే ఆగింది. అలా ఆగిన రోజు సాయంత్రం కాఫీ కొట్లో అందరూ అడిగారు.

"ఎంతయింది బాబాయ్?"

"ఒకటి."

"నిన్న నూట పాతిక అన్నావు!"

"లెక్క తప్పాను. మధ్యలో తుమ్ము వచ్చింది."

కొట్టు కొట్టంతా పగలబడి నవ్వింది. తాజెత్తిన్ మాత్రం నవ్వలేదు. "క్లబ్బు తూటాలతో తుమ్ముతున్నాడు" అన్నాడు.

ఆగస్టు చివర, రెండో విడత మూడువందల ఎనభై ఎనిమిది దగ్గర ఉండగా ఒక మధ్యాహ్నం బాబాయ్ నా కొట్లోకి వచ్చి, తలుపు వేసి, చంకలోంచి గుడ్డ మూట తీశాడు. గుడ్డ పిన్ని దిండు గలీబు. లోపల పూరేడు గొట్టం కింద చెయ్యి పట్టుకునే చెక్క ఉంది. నేను చెక్కిందే. కాడ దగ్గర నుంచి నిలువునా పగిలింది.

ఆ కర్ర ఇంకా ఏడాది ఆరాలి. నుర్‌జిహాన్ తొందరపెట్టిందని, కాదు, నేనే తొందరపడి చెక్కాను. మా ఊళ్ళో చెక్క పగిలిందన్న మాట ఒక్కసారి బయటికి పోతే ఇక ఆ చేతికి పని ఉండదు.

"బాబాయ్, నేను..."

"కర్ర ఇంకా తేల్చుకోలేదురా. తొందరగా అడిగాం దాన్ని. ఆరింది ఉందా?"

"మా నాన్న కోసిన దుంగ ఉంది. పద్దెనిమిదేళ్ళది."

"దాంట్లోంచి చెయ్యి. తుపాకీలో ఏ భాగం మారినా అది కొత్త తుపాకీ. మళ్ళీ ఒకటి నుంచి." తలుపు తీస్తూ వెనక్కి తిరిగాడు. "ఈ మాట మూడో చెవిన పడకూడదు."

సాయంత్రం కాఫీ కొట్లో నేను కూడా ఉన్నాను.

"ఎంతయింది బాబాయ్?"

"ఒకటి."

"మళ్ళీనా! ఈసారి ఏం వచ్చింది, ఎక్కిళ్ళా?"

"ఇన్‌స్పెక్టర్ మధ్యలో పడుకుంది. ఇరవై అయిదు అయ్యాయనుకున్నాను. లెక్క తప్పాను."

నవ్వులు. బల్లలు చరుచుకున్నారు. ఎవరో కుక్కకి బిస్కెట్టు వేసి "నువ్వే నయం" అన్నారు. నేను టీ గ్లాసులో తల దూర్చుకుని కూర్చున్నాను. తాజెత్తిన్ లేచి నిలబడ్డాడు.

"ఇంక నవ్వులాట కాదు. జెకెరియా అన్నకి డెబ్బై దాటాయి. ఒక లెక్క రెండుసార్లు మరిచాడు. మతి జారుతోందని చెప్పడానికి నాకేం సంతోషం కాదు. వేట తెరిచే ఆదివారం లోపల ఐదువందలు తెచ్చినా సరే, ఆ ఐదువందలు ఐదువందలేనని నేనెలా నమ్మేది?"

బాబాయ్ టోపీ తీసి, చిల్లుల్లోంచి దీపాన్ని చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "లెక్క తప్పినవాడికే లెక్క విలువ తెలుస్తుంది" అన్నాడు. అది ఎవరికీ అర్థం కాలేదు, ఆయనకి కూడా అయి ఉండదు.

మర్నాడు కొత్త చెక్క బాబాయ్ చేతిలో పెట్టి నుర్‌జిహాన్ దగ్గరికి వెళ్ళాను. లేత్ ఆపి మెట్టు మీద కూర్చుని ఉంది. పనివాళ్ళు కూడా లేరు.

"సెఫెరన్నా, అయిపోయినట్టే. ఆయన మాట నమ్మకపోతే తుపాకీని ఎవరు నమ్ముతారు? అంతా నా మూలాన్నే."

"నీ మూలాన ఎందుకు?"

కాసేపు ఆకురాయితో గోరు గీసుకుంటూ కూర్చుంది. "ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను. బాబాయ్ తుమ్మలేదన్నా. పలచన తూటా వేస్తే డొల్ల సగం బయటికి వచ్చి ఇరుక్కునేది, గడప మీద చెప్పులు వెతుక్కునే చుట్టంలా. బరువు తూటాకి బాగానే తిరిగేది. కొత్త తుపాకీ కదా, అరిగితే సర్దుకుంటుందని నూట నలభై దాకా ఓర్చుకున్నాడట. తర్వాత వచ్చి, 'అమ్మాయ్, ఈ స్ప్రింగుకి కోపం ఎక్కువ. పొగ పోయే రంధ్రం కూడా కాస్త పెద్దది చెయ్యి. ఈ మాట మూడో చెవిన పడకూడదు' అన్నాడు. స్ప్రింగు మార్చి, రంధ్రం వెంట్రుకవాసి పెద్దది చేశాను. ఆ తర్వాత ఒక్క డొల్లా ఇరుక్కోలేదు. రెండోసారి మాత్రం ఎందుకు మరిచాడో నాకు తెలియదు. నిజంగానే ముసలితనం వచ్చిందేమో."

"రాలేదు" అన్నాను. "రెండోసారిది నా చెక్క."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నన్ను ఒక్కడినే కాపాడాడని నిన్నటి నుంచి నేను, తనని ఒక్కదాన్నే కాపాడాడని వేసవంతా ఆమె, జనం ముందు తల దించుకుని తిరుగుతున్నాం.

బాబాయ్ దగ్గరికి వెళ్ళి నిజం ఊళ్ళో చెప్పేస్తామన్నాం. ఆయనకి ఎప్పుడూ రానంత కోపం వచ్చింది.

"చెబితే ఏమవుతుంది? 'పూరేడు ఇరుక్కుంటుందట, సెఫెర్ చెక్క పగులుతుందట' అంటారు. ఇప్పుడు ఇరుక్కోదు, పగలదు, ఆ సంగతి ఎవడు వింటాడు? మొదటి మాట అతుక్కుంటుంది, తర్వాతి మాట జారిపోతుంది. నాకు మతి పోయిందంటే నష్టమేముంది? హమియెత్ పెళ్ళినాడే అంది ఆ మాట. పొండి, నాకు ఇంకా నాలుగువందల తొంభై ఉన్నాయి."

సెప్టెంబరు అంతా కర్గలి కొండల్లో ఉరుము ఆగలేదు. ఎండలో కాల్చాడు, వానలో కాల్చాడు. పిన్ని దుప్పట్లన్నీ అయిపోయి తలుపు తెర కట్టాడు. తీగ మీద తెర చూసి జనం "ఇప్పుడు నాలుగు పక్కలా సమంగా పడుతోంది" అనుకున్నారు.

వేట తెరిచే ఆదివారం పొద్దున మట్టి పిట్టల మైదానంలో ఊరంతా చేరింది. పిన్ని పెద్ద గిన్నెతో తర్హానా సూపు తెచ్చి పొయ్యి మీద పెట్టింది, ఆ రోజు వేటగాళ్ళకి అది పొయ్యడం ఆవిడ వంతు. బాబాయ్ నాలుగువందల డెబ్బై ఆరు నుంచి మొదలుపెట్టాడు. కుక్క నిలబడి ఉంది. నుర్‌జిహాన్ చేతులు వెనక్కి కట్టుకుని, ప్రతి పేలుడుకీ కళ్ళు మూసుకుంటోంది. తాజెత్తిన్ టీ గ్లాసు పట్టుకుని కుడివైపు కుర్చీలో కూర్చున్నాడు. డొల్లలు కుడివైపుకే పడతాయని చెబితే, అధ్యక్షుణ్ణి నేను ఎక్కడైనా కూర్చుంటానన్నాడు.

ఐదువందోది పలచన తూటా. మట్టి పిట్ట లేచింది. పేలింది. పిట్ట పొడి అయింది. డొల్ల ఎగిరి, ఎండలో ఒక పల్టీ కొట్టి, తాజెత్తిన్ టీ గ్లాసులో పడింది. కుక్క పడుకుంది.

అందరూ 'బాగుంది' అన్న మాట కోసం ఊపిరి బిగబట్టారు. బాబాయ్ తుపాకీ ఖాళీ చేసి, తెరిచి చూపించి, నుర్‌జిహాన్ చేతిలో పెట్టి, మైదానం అవతలికి కూడా వినిపించేలా అన్నాడు.

"ఉస్తా, అందరికీ టీ చెప్పు."

నుర్‌జిహాన్ తుపాకీని గుండెకి హత్తుకుంది. చప్పట్లు మొదలయ్యేలోగా తాజెత్తిన్ మీసం మీద టీ తుడుచుకుంటూ లేచాడు.

"ఆగండి! పెద్దాయన మీద గౌరవం ఉంది. కాని రెండుసార్లు లెక్క మరిచిన మనిషి మూడోసారి మరవలేదని ఏమిటి రుజువు? ఇవి ఐదువందలో, మూడువందలో! ఈ మాట మీద నలభై తుపాకులు కొనలేను."

నా కాళ్ళు నాకు తెలియకుండానే లేచాయి.

"బాబాయ్ లెక్క తప్పలేదు. రెండోసారి పగిలింది నా చెక్క. పచ్చికర్ర. తప్పు నాది."

"కూర్చో సెఫెర్!" అని అరిచాడు బాబాయ్.

"మొదటిసారిది నా స్ప్రింగు" అంది నుర్‌జిహాన్. "డొల్ల ఇరుక్కునేది. ఇప్పుడు ఇరుక్కోదు, మీ టీలో చూసుకోండి."

"ఉస్తా! నువ్వు కూడానా!"

అప్పుడు వెనక వరస నుంచి మంగలి బెద్రి గొంతు. "ఆ చెవి బాతు కరవలేదు. తొంభై ఏడో గడ్డం నాడు నేను కోశాను. కొత్త కత్తి. ఆ మాట బయటికొస్తే నా దగ్గరికి ఎవరొచ్చేవాళ్ళు?"

అల్లుడు ఇల్హామి భార్య పక్కనుంచి లేచాడు. "మూడువందల పదకొండో గ్లాసు నేను తాగలేదు మామయ్యా. అంతకుముందు కూడా చాలా తాగలేదు. జెరేనియం కుండీలో పోశాను. మీరు చూశారు."

"అందుకే ఆ మొక్క కప్పు దాటి పెరిగిందా!" అంది పిన్ని. "నా చేతి చలవ అనుకున్నాను పదిహేనేళ్ళు!"

వంతెన కట్టిన మేస్త్రీ కూడా ఏదో చెప్పడానికి లేచాడు గాని, ఊళ్ళోవాళ్ళు సగం మంది రోజూ ఆ వంతెన మీదే పోతారని గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాడు. బాబాయ్ టోపీ నేలకేసి కొట్టాడు.

"ఎవరడిగారయ్యా మిమ్మల్ని? నలభై ఏళ్ళు కష్టపడి ఒక్కొక్కటీ జాగ్రత్తగా చెప్పిన అబద్ధాలు! అన్నీ ఒక్క పూటలో పాడు చేశారు!"

ఆ టోపీ దొర్లుకుంటూ పోయి తాజెత్తిన్ కాళ్ళ దగ్గర ఆగింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. చిల్లుల వైపు చూశాడు. మొహం ముందు ఎర్రబడి, తర్వాత పసుపైంది, ఆ తర్వాత ఏ రంగో చెప్పలేను.

"ఇవి..." అని ఆగాడు. అందరూ వింటున్నారు. "ఇవి చిమట కొట్టినవి కావు. నేను క్లబ్బులో కొత్తగా చేరినప్పుడు ఈయన నాకు తుపాకీ పట్టడం నేర్పాడు. ఐదువందలసార్లు తుపాకీలో తూటా పెట్టి, తీసి, ఖాళీ అని చూపించమన్నాడు. డెబ్బై ఆరోసారి తీశాననుకున్నాను గాని అది ఖాళీగా లేదు, పేలింది. టోపీ తల మీద కాక కొమ్మకి తగిలించి ఉంది కాబట్టి సరిపోయింది. ఆ మాట బయటికి పోయి ఉంటే నేను అధ్యక్షుణ్ణి కాదు కదా, మైదానం గేటు లోపలికి కూడా రానిచ్చేవాళ్ళు కాదు. ఈయన 'లెక్క తప్పాను, మళ్ళీ ఒకటి' అన్నాడు."

తాజెత్తిన్ టోపీ దులిపి బాబాయ్ తల మీద తనే పెట్టాడు. తర్వాత నుర్‌జిహాన్ వైపు తిరిగి, గొంతు సవరించుకుని, గ్లాసులో డొల్ల బయటికి తీసి జేబులో వేసుకున్నాడు.

"నలభై, ఉస్తా. నాది మాత్రం ఎడమవైపు విసిరేలా చెయ్యగలవా?"

"ఇంకా తెలియదు" అంది నుర్‌జిహాన్. మైదానం గొల్లుమంది. టీలు వచ్చాయి, కాఫీ కొట్టు ఖాళీ అయిందని కబురొచ్చేదాకా వస్తూనే ఉన్నాయి.

ఆ సందడి తగ్గాక హమియెత్ పిన్ని గరిటె పట్టుకుని, పళ్ళెం నిండా సూపు పోసి, బాబాయ్ ముందు పెట్టింది. పాతికేళ్ళ తర్వాత అడిగింది.

"జెకెరియా. నా సూపు ఎంతదాకా వచ్చింది?"

బాబాయ్ అటు చూశాడు. ఇటు చూశాడు. కుక్క వైపు చూశాడు. కుక్క మొహం తిప్పుకుంది.

"నాలుగువందల తొంభై తొమ్మిది దాకా వచ్చింది" అన్నాడు నెమ్మదిగా. "అప్పుడు... లెక్క తప్పాను."

ఇదివరకైతే ఊరంతా నవ్వేది. ఆ రోజు ఒక్కరూ నవ్వలేదు. ఆ మాటకి అర్థం ఏమిటో ఇప్పుడు అందరికీ తెలుసు. బెద్రి నెమ్మదిగా రెండడుగులు వెనక్కి వేశాడు. పిన్ని చేతిలో గరిటె పైకి లేచింది.

"ఉప్పా?"

"ఒక్కసారే."

"ఎప్పుడు?"

"మన అమ్మాయి పుట్టబోయే వారం. నువ్వు నిలబడలేక గోడకి ఆనుకుని చేశావు. రెండుసార్లు వేశావు ఉప్పు."

"మరి ఆ తర్వాత ఇన్నేళ్ళు?"

"ఆ తర్వాత ఎన్నోసార్లు ఐదువందలు అయ్యాయి హమియెత్. కాని బాగుందని చెబితే లెక్క ముగిసిపోతుంది కదా. నువ్వు గరిటె పట్టుకుని నా వంక చూస్తావు, ఆ చూపు పోతుంది."

పిన్ని ఆ గరిటెతో ఏం చేస్తుందోనని మేమంతా చూస్తున్నాం. ఆవిడ ఆయన టోపీ కాస్త సరిచేసి, పళ్ళెం ఆయన దగ్గరికి జరిపింది.

"సరే, మళ్ళీ మొదలుపెట్టు" అంది. "ఎలా ఉంది?"

జెకెరియా బాబాయ్ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు ఆలోచించాడు.

"ఒకటి" అన్నాడు.